ఊ కొట్టు

"రైలు వద్దు," అంది వినోద. "మొన్ననే ఎక్కడ్నో పట్టాలు తప్పింది."

"బస్సు?" అన్నాడు రాంప్రసాద్.

"ఏసీ బస్సా? మంటలంటుకుంటే అద్దం పగలగొట్టే ధైర్యం మీకున్నదా?"

లేదు. భార్య భయం కంటే అతని భయం పెద్దది.

దసరా సెలవులకు వరంగల్ నుంచి బెజవాడ పోవాలి. ఎందులో పోతే ప్రాణాలకు ముప్పు తక్కువో రోజూ రాత్రి అన్నం తింటూ లెక్కలు వేశారు. చివరికి కారు మాట్లాడారు. కారయితే ఆపమంటే ఆగుతుంది. మెల్లగా పొమ్మంటే పోతుంది.

మధ్యాహ్నం కారు వచ్చింది. ముందు సీట్లో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"ఎవరతను?"

"ఖమ్మం దాక వస్తడు సార్," అన్నాడు డ్రైవర్ పండరి, చూపు తిప్పుకుంటూ. "ముంగట సీటు ఖాళీనే గదా. జర అడ్జస్ట్ చేసుకోండ్రి."

ముసలాయన వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఎక్కడికి పోతాన్రు బిడ్డా?"

వినోద భర్త వైపు చూసింది. బయలుదేరే ముందు ఎవరైనా ఆ మాట అడుగుతారా?

"ఇంటికాడ ఎవలున్నరు?" అని కూడా అడిగాడు.

ఆమె మెడలోని గొలుసును కొంగు కిందికి తోసుకుంది.

మామునూరు దాటగానే ముసలాయన కథ మొదలుపెట్టాడు.

"ఒకూర్ల ఒక రాజు ఉండె. ఆయనకు ఏడుగురు బిడ్డలు. ఊ కొట్టు డ్రైవర్ సాబ్."

"ఊ," అన్నాడు పండరి.

"పెద్దబిడ్డ నీళ్ళకని బాయికాడికి పోయింది. ఊ కొట్టు."

"ఊ."

"గట్టిగ కొట్టు. సచ్చినోని లెక్క కొడ్తవేంది?"

వర్ధన్నపేట వచ్చింది. పెద్దబిడ్డ ఇంకా బావి దగ్గరే ఉంది. కథ కదలదు, నోరు ఆగదు.

ముసలాయన మాటిమాటికీ వంగి పండరి ముఖంలోకి చూస్తున్నాడు. ఒకసారి అతని చెవి మెలిపెట్టాడు. పంచె మడతలోంచి ఏదో తీసి అతని నోట్లో పెట్టాడు.

"ఏం పెట్టినవ్?" అడిగాడు రాంప్రసాద్.

"ఏంచిన చింతగింజలు సారూ. మీకు గావాల్నా?"

"వద్దు."

వినోద భర్త చెవిలో గుసగుసలాడింది. "మత్తుమందేమో. ఇద్దరిదీ ఒకటే ముఠా. ఫోన్ల వీడియో చూడలేదా? గిట్లనే మాటలల్ల పెట్టి, మనుషులు లేని కాడ బండి ఆపుతరు."

రాంప్రసాద్ కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు. మనిషి జాడ లేదు.

"పండరీ, తొర్రూరుల ఆయన్ని దింపు."

"ఆయన ఉంటే మంచిదే సార్..."

"ఎవరికి మంచిది? బండి మొత్తం మేం మాట్లాడుకున్నం. దింపకుంటే మీ ఓనర్‌కు ఫోన్ చేస్త."



తొర్రూరు బస్టాండు ముందు కారు ఆగింది. ముసలాయన దిగాడు గాని, తలుపు వదల్లేదు.

"డిక్కిల కూసుంట సారూ. ఆడికెల్లే చెప్త కథ."

"మా బండిల నీకేం పని?"

ముసలాయన పండరి వైపు చూశాడు. చెప్పొద్దన్నట్టు పండరి తల అడ్డంగా ఊపాడు. ముసలాయన చెయ్యి జారింది.

"అయితే మీరన్నా మాట్లాడుకుంట పోండ్రి బిడ్డా. పిలగాన్ని ఊకె ఉండనియ్యకుండ్రి."

"పోవయ్యా!"

కారు కదిలింది. వినోద మెడ మీది నుంచి చెయ్యి తీసింది.

"ఇప్పుడు పాణం కుదుటపడ్డది."

పండరి పాట పెట్టబోయాడు.

"వద్దు. ధ్యాస తప్పుతది," అన్నాడు రాంప్రసాద్.

పండరి కిటికీ అద్దం దించాడు.

"దుమ్ము. అద్దం ఎక్కియ్యి. ఏసీ వెయ్యి."

ఫోన్ మోగింది. పండరి చెయ్యి అటు పోయింది.

"నడిపేటప్పుడు ఫోనేంది? మా పాణాలంటే లెక్కలేదా?"

పండరి ఫోన్ చప్పుడు ఆపేశాడు.

కారులో చల్లగా ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు. వినోద కునుకు తీసింది. పొద్దటి నుంచి మొదటిసారి రాంప్రసాద్‌కు భయం పోయింది. రైలు కంటే, బస్సు కంటే ఇదే నయం అనుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

మరిపెడ దాటాక పెద్ద చప్పుడుకు లేచాడు.

ఆగి ఉన్న లారీ వెనక భాగంలోకి కారు ముందు భాగం దూరిపోయింది. డ్రైవర్ వైపు నుజ్జయింది. రెండో వైపు ముందు సీటు చెక్కుచెదరలేదు. ఖాళీగా ఉంది.

వినోద అరుస్తోంది. వెనక ఉన్న ఇద్దరికీ గీసుకుపోయిన దెబ్బలే.

చేనులోంచి ఉరికి వచ్చిన రైతు పండరి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి అతని ముఖం మీద కప్పాడు.

"బిరేకే ఎయ్యలే," అన్నాడు. "నిద్రపోయిండు."

సీటు కింద పండరి ఫోన్ చప్పుడు లేకుండా వెలుగుతోంది. రాంప్రసాద్ దాన్ని తీసి, ఎవరో చూడకుండానే ఎత్తి చెవికి ఆనించుకున్నాడు.

"ఎత్తినవా పండరీ! ఎన్నిమాట్ల చెయ్యాల్రా?"

ముందు సీట్లో విన్న గొంతే.

"తిరుపతి పోయి వచ్చినవ్, వచ్చిన కాళ్ళ మీదనే మళ్ళ ఎక్కినవ్. కన్ను మూసిందెప్పుడు నువ్వు? ఎనుక బస్సుల వస్తాన్న గని, ఫోన్ ముంగట పెట్టుకో, కథ చెప్త. పెద్దబిడ్డ బాయికాడికి పోయిందా... ఊ కొట్టు."

రాంప్రసాద్ నోరు తెరిచాడు. ఊ రాలేదు.

"ఊ కొట్టు బిడ్డా."

అతను ఫోన్‌ను చెవి నుంచి తీసి చూశాడు. తెర మీద 'నాయిన' అని ఉంది.