ఖాసిం తరఫున

జ్ఞానశేఖర్ పేరెత్తితే జంగయ్యకు ఒళ్లు మండుతోంది. పాఠం చెప్పమని కాలేజీలో పెడితే, ఆ పిల్లగాడు జంగయ్య కూతుర్నే జంగయ్య మీదికి ఎగదోశాడు.

జ్ఞానశేఖర్ ఇంకా తనే చదువుకుంటున్నాడు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, సికింద్రాబాద్ కాలేజీలో బి.ఏ. పిల్లలకు రాజనీతి శాస్త్రం చెబుతాడు. పుస్తకం తెరవడు. నిజాం మీద పోలీసు యాక్షన్ అయి ఆరేళ్లు. ఆ రోజుల్లో మీ ఇల్లు ఎవరి వల్ల నష్టపోయిందని ఒక్కొక్కరినీ అడిగాడు. అందరూ పేర్లు చెప్పారు.

"సరే. శుక్రవారం ఆ మనిషే మీరై నిలబడి మాట్లాడాలి. మీ ఇంటి భాషలోనే. ఎవరేం అడిగినా ఆ మనిషిగానే జవాబు చెప్పాలి. మార్కులు దానికే" అన్నాడు.

జంగయ్య కూతురు విమల చెప్పిన పేరు ఖాసిం.

"నా కష్టంతోటి చదివి వాని తరఫున నిలబడతవా?" జంగయ్య అన్నం పళ్లెం అవతలికి నెట్టాడు.

"మార్కుల కోసం నాయినా."

"నా భూమి తిన్నోనికి మార్కులా? కాయితం రాసిచ్చిండు. వేలు ఒత్తిండు. నాలుగేండ్లు దున్నుకున్న. అప్పుడు కోర్టుకెక్కిండు దొర. నవాబు రాజ్యం పోయింది గని నవాబు కచేరి పోలే. వానికి నేను చేసిన మేలు వాని తోడబుట్టినోడు సుత చెయ్యలే."

జడ్జి ఆ కాగితం చెల్లదన్నాడు. నేరేడ్‌మెట్‌లో ఉన్న భూమి ఖాసింకు పోయింది. జంగయ్య ఇప్పుడు తిరుమలగిరిలో ఒక కట్టెల అడితిలో మొద్దులు కొడుతున్నాడు. గొడ్డలి ఎత్తిన ప్రతిసారీ ఖాసింను తిడతాడు. ఈ వారం జ్ఞానశేఖర్‌ను కూడా కలుపుకున్నాడు.

"ఇంకొక్క ఏడు ఓర్చుకో" అంది భార్య పుష్పమ్మ. "బి.ఏ. అయితే పిల్లకు టీచరు నౌకరి వస్తది."

"నౌకరి వద్దు, ఏం వద్దు. శుక్రవారం ఇది నా ఇజ్జత్ తీసిందంటే ఆ దినమే చదువు బంద్."

విమల వాదించలేదు. "అయితే ఖాసిం ఏమంటడో నువ్వే చెప్పు నాయినా. గట్లనే చెప్త."

జంగయ్య వెటకారంగా నవ్వాడు. "ఏమంటడు? దొంగ ఏడుపు ఏడుస్తడు. పరేషాన్ల ఉండి అమ్మిన అంటడు. ఖుషీల ఉండి భూమి అమ్మినోణ్ని ఎవన్నన్న చూసినవా?"

శుక్రవారం జంగయ్య పనికి పోలేదు. తిన్నగా కాలేజీకి వెళ్లి క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు.

"మీరెవరండీ?" అన్నాడు జ్ఞానశేఖర్.

"భూమి పోయినోణ్ని. విమల నాయినను."

జ్ఞానశేఖర్ తన కుర్చీ తెచ్చి వేశాడు. జంగయ్య కూర్చోలేదు.

"మీదేవూరు సారు?"

"గుంటూరు దగ్గరండి."

"ఆ ఏడు మీరు ఈడ లేరు. మరి మీకేం ఎరుక?"

"ఏమీ తెలియదండి. అందుకే నేను చెప్పను, అడుగుతాను. మీరూ అడగొచ్చు."

ఆ మాటకు జంగయ్యకు ఇంకా మండింది. అయినా కూర్చున్నాడు.

ముందు ఆర్థర్ లేచాడు. ఆ గడబిడలో వాళ్ల సామాను రోడ్డు మీద పడేసిన ఇంటి యజమాని గొంతుతో, "మీ నాన్న చాలా మంచోడోయ్. కానీ ఖాళీ ఇల్లు అంతకంటే మంచిది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆర్థర్ నవ్వలేదు.

తర్వాత విమల. ముందుకు వచ్చి నిలబడింది.

"నా పేరు ఖాసిం. నేరేడ్‌మెట్ల భూమి ఉండె. జంగన్నకు రాసిచ్చిన. వేలు ఒత్తిన. అప్పుడు నేను పరేషాన్ల ఉంటి."

అంతే. ఆగిపోయింది.

"వేలు ఒత్తి మళ్ల కోర్టుకెట్ల ఎక్కినవ్ ఖాసిం భాయ్?" వెనక బెంచీ నుంచి మధుసూదన్ అడిగాడు. "జెర సిగ్గన్న లేదా?"

"పరేషాన్ అందరికీ ఉంటది భాయ్" అని ఇంకెవరో అందుకున్నారు. "నాకు ఫీజు కట్టే పరేషాన్ ఉంది. నేను ఏ కోర్టుకు పోవాలె?"

మళ్లీ నవ్వులు. విమల తల వంచుకుని నిలబడింది.

జంగయ్య ఛాతీ పొంగింది. కోర్టులో ఒక్కడు కూడా తన వైపు ఇలా మాట్లాడలేదు. ఇక లేచి వెళ్లిపోవచ్చు. బిడ్డ చదువుకోవచ్చు. కానీ ఇన్నేళ్ల కోపం అతణ్ని కుదురుగా కూర్చోనివ్వలేదు.

"నేనడుగుత" అని లేచాడు.

"అడగండి" అన్నాడు జ్ఞానశేఖర్.

జంగయ్య రెండు బెంచీల మధ్య నుంచి ముందుకు నడిచాడు. ఎదురుగా ఉన్నది కూతురన్న సంగతి మరిచిపోయాడు.

"ఏం ఖాసిం, భూమి మీద అంత ప్రేమ, పావురం ఉన్నోనివి, నేను యాసంగి జొన్నకు మొదటిసారి నాగలి కట్టిన దినం అడ్డం ఎందుకు రాలే? ఏడున్నవ్ ఆ దినం? చెప్పు. అందరు వినాలె."

విమల జ్ఞానశేఖర్ వైపు చూసింది. తర్వాత తండ్రి వైపు చూసింది.

"నీ అటక మీదనే ఉన్న జంగన్నా, పెండ్లాం పిల్లలతోటి, ఇండియా ఫౌజు వచ్చినంక మమ్మల్ని నరకనీకి మంది బయట తిరుగుతుంటే, నా వేలు ఒత్తిచ్చుకున్నంకనే నీ బిడ్డ చేతికి అన్నం గిన్నె ఇచ్చి నిచ్చెన ఎక్కిచ్చినవ్, మూడెకరాల పన్నెండు గుంటలకు."