ఎర్ర పొట్లాలు

చెప్పుల చప్పుడు వింటే చాలు, వచ్చినవాడు దొంగో దొరో ఫుసాయే ఇట్టే చెప్పేస్తుంది. ఆ కొండ ఊళ్లో ఆమెను బురిడీ కొట్టించేవాడు ఇంకా పుట్టలేదు.

మంచు కురుస్తున్న పూట ఓ ముసలాయన గుమ్మంలో మూట దింపాడు.

"మందుల పెట్టె ఒకసారి చూపిస్తావా తల్లీ?"

ఆ పెట్టె ఊళ్లో ఇంటింటా ఉంటుంది. మందులవాడు నింపి పోతాడు. మరుసటి ఏడాది వచ్చి, వాడినవాటికే డబ్బు పట్టుకుపోతాడు.

"ఆకులు రాలేటప్పుడు యసుజి కదా వచ్చేది! నువ్వెవరివయ్యా?"

"కొత్తగా పెట్టిన ఎర్ర పొట్లాలు తీసేస్తున్నానమ్మా. అవి మంచివి కావు."

"తలనొప్పికి దివ్యమైన మందన్నాడే! సరే, మిగతావాటి డబ్బెంత?"

"డబ్బొద్దు."

డబ్బొద్దనే మందులవాడా! ఫుసాయేకి అనుమానం ముదిరింది.

"మరి మనవరాలికి కాగితపు బుడగేది? యసుజి బుడగ తేకుండా గడప తొక్కడు."

ముసలాయన ఉత్త చేతులు చూసుకున్నాడు.

ఫుసాయే లోపలికెళ్లి, రెండు ఎర్ర పొట్లాలు నడికట్టులో దోపుకుని పెట్టె తెచ్చింది.

"రెండు తగ్గాయే?"

"మా ఆయన మింగాడు."

ముసలాయన మొహం పాలిపోయింది. "దద్దుర్లొచ్చాయా? నోరు పూసిందా?"

"దుక్కలా ఉన్నాడు! కట్టెలు కొట్టడానికి పోయాడు. దిష్టి పెట్టకు, నడువు!"

"ఏమీ కాలేదా? బతికించావు తల్లీ!"

ఆయన కళ్లు తుడుచుకుని, నడుం విరిగేలా వంగి, పక్కింటి వైపు కదిలాడు.

"దొంగ పీనుగ," అని నవ్వుకుంది ఫుసాయే.

మంచు కరిగే రోజుల్లో ఆమె భర్త గెంజోకి తల పగిలే నొప్పి పట్టుకుంది.

"ఏమే, ఆ ఎర్రది ఉందా?"

"మీకోసమే దాచాను," అంటూ రెండూ ఇచ్చింది.

తెల్లారేసరికి పెదాలు పుళ్లు పడ్డాయి. ఆపైన ఒళ్లంతా తోలు ఊడింది. పట్నం ఆసుపత్రికి వెళ్లిన గెంజో కుండలో బూడిదై తిరిగొచ్చాడు.

ఆకులు రాలుతుండగా యసుజి వచ్చాడు. గెంజో పటం చూసి కూలబడ్డాడు.

"ఆ ముసలాయన మీ ఇంటికి రాలేదా అక్కా?"

"వచ్చాడు. ఎవరతను?"

"ఆ పొడి తయారుచేసిందే ఆయన. చెడుపు చేస్తోందంటే మా యజమాని వినలేదు. అందుకే తనే ఇల్లిల్లూ తిరిగి ఏరాడు. మీ కనుమ దాటాక మంచులో పడిపోయాడు. ప్రాణం పోయేదాకా ఒకటే మాటట: ఒక్క ఇంట్లోనైనా మింగినవాడు బతికే ఉన్నాడని."

మొదట్లో చెప్పిన చెప్పుల చప్పుడు సంగతి మాత్రం ఈ కథ చెబుతున్న నేను అల్లిందే. ఆయన గడ్డిచెప్పులు ఆ మంచులో చప్పుడే చేయలేదు.