ముప్ఫై మొక్కలు

“ఊట దగ్గర ముకూటే చెట్టు నరికిందెవరో తేలేదాకా ఇవాళ ఎవరికీ ప్రభువు బల్ల లేదు” అన్నాడు బిషప్ చిపాంగా.

తెల్ల అంగీల మీద ఆకుపచ్చ నడికట్లు కట్టుకుని, చేతికో మొక్క పట్టుకుని వరసలో నిలబడ్డ మూడు వందల మందీ తలలు దించుకున్నారు. మస్వింగో పల్లెల్లోని ఆ సంఘంలో ఏటా వానల ముందు మొక్కల పండుగ చేస్తారు. నేల పట్ల చేసిన పాపాలు ముందు ఒప్పుకోవాలి. తరవాతే రొట్టె, ద్రాక్షరసం. ఆ చేత్తోనే మొక్క నాటాలి. పచ్చి కొమ్మ విరిచినవాళ్లు, వాగు గట్టు దున్నినవాళ్లు పొద్దుటి నుంచీ ఒప్పుకుంటూనే ఉన్నారు. ముకూటే చెట్టు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

వేళ్లూ కొమ్మలూ చుట్టూ పరుచుకున్న ఆ చెట్టు ఊటకు కంచె లాంటిది. అది పోయాక పశువులు నేరుగా ఊటలోకి దిగి తొక్కేస్తున్నాయి. ఆడవాళ్లు బురదనీళ్లే వడగట్టుకుని మోసుకెళ్తున్నారు.

“నేల దేవుడిది. మనల్ని కాపలా పెట్టాడు. కాపలావాడే దొంగతనం చేస్తే ఆయన ముందు ఏ మొహంతో చెయ్యి చాపుతాం?” అన్నాడు బిషప్. నరికినవాళ్లు ఊట చుట్టూ ముప్ఫై మొక్కలు నాటి, మళ్లీ పండుగ దాకా వాటిని బతికించాలనీ, అప్పటిదాకా వాళ్లకు రొట్టె ఉండదనీ తీర్పు కూడా చెప్పేశాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అప్పుడు వరసలోంచి ఎనేసి అవ్వ ఇవతలికి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, పిడికెడు ప్రాణం.

“నేనే నరికాను అయ్యగారూ.”

బిషప్ ఆమె చేతుల వంక చూశాడు. ఆ చెట్టు మొదలు ఇద్దరు పట్టుకుంటే గాని అందదు. “నువ్వా? ఒక్కదానివేనా అవ్వా?”

“నిదానంగా కొడితే ఏ చెట్టయినా పడుతుంది నాయనా.”

నమ్మబుద్ధి కాలేదు. కానీ ఇంతమంది ముందు, దేవుడి ముందు ఒప్పుకున్న మాటను కాదనేదెలా? ముప్ఫై మొక్కలు ఆమె ముందు పెట్టించాడు. ఆమె వాటిని లెక్కపెట్టుకుని, వాడిపోయినవి రెండు తీసేసి వేరేవి ఇమ్మంది.

ఆ రాత్రి బిషప్ భార్య అతనికి అన్నం వడ్డించింది గాని మాట వడ్డించలేదు. చివరికి, ఆ ముసలి ప్రాణాన్ని ఏడాదిపాటు నీళ్లు మోయించి చంపుతావా అని మాత్రం అడిగింది.

వానలున్నన్నాళ్లూ బాగానే గడిచింది. వానలు వెనకబట్టాక అవ్వకు అసలు పని మొదలైంది. ముళ్లకంపలు ఈడ్చుకొచ్చి ఊట చుట్టూ దడి కట్టింది. చెదలు పట్టకుండా మొదళ్లలో బూడిద పోసింది. పొద్దునా సాయంత్రం బిందె నెత్తిన పెట్టుకుని మొక్క మొక్కకూ తిరిగింది. మేకలు దడి దాటబోతే వాటి ఏడు తరాలనూ తిట్టింది.

సెప్టెంబరు ఎండల్లో ఒకనాడు బిషప్ ఆ దారిన పోతూ ఆగాడు. మనసు పీకింది. ఇక చాల్లే అవ్వా, సంఘం కుర్రాళ్లను పంపిస్తానన్నాడు. వద్దంది. పోనీ, ఇంట్లో అంత పొడుగు అల్లుడున్నాడు కదా, రెండు బిందెలు మొయ్యమనమన్నాడు.

“అతనికి నడుం నొప్పి నాయనా” అని ఆమె తరవాతి మొక్క దగ్గరికి వెళ్లిపోయింది.

మళ్లీ పండుగ వచ్చింది. బిషప్ తానే వెళ్లి లెక్కపెట్టాడు. రెండింటిని చెదలు తినేశాయి. ఇరవై ఎనిమిది బతికాయి, కొన్ని అతని మోకాలి ఎత్తు దాటాయి. దడి పుణ్యమా అని పశువులు దిగక ఊటలో అడుగు గులకరాళ్లు కనిపిస్తున్నాయి. దడి బయటికి తీసిన చిన్న కాలవ దగ్గర ఆడవాళ్లు తేటనీళ్లు ముంచుకుంటున్నారు.

పండుగ జరిగే బయల్లో అందరికంటే ముందు ఎనేసి అవ్వనే పిలిచాడు. నీ శిక్ష తీరిపోయింది, రా తల్లీ అని రొట్టె విరిచి చెయ్యి చాపాడు. ఆమె తీసుకోలేదు.

“ముందు ఒక పాపం ఒప్పుకోవాలి అయ్యగారూ. పోయినేడు ఇక్కడే నిలబడి అబద్ధం ఆడాను. ఆ చెట్టు కొట్టింది నేను కాదు. ఇటుకల బట్టీ కోసం మా అల్లుడు కొట్టాడు.”

డోళ్లు వాయించేవాళ్ల గుంపులో ఆ అల్లుడు ఫుంగాయి చేతులు డోలు మీదే ఆగిపోయాయి. జనం అతని వంక తిరిగారు. బిషప్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. ఏడాది పాటు రొట్టె లేకుండా నీళ్లు మోసిన చేతులు అతని ఎదురుగా ఉన్నాయి.

“అల్లుణ్ణి కాపాడటానికి ఇంత శిక్ష నెత్తిన వేసుకున్నావా అవ్వా?” అన్నాడు మెల్లిగా.

“అల్లుణ్ణెవరు కాపాడారు నాయనా, నేను కాపాడింది మొక్కల్ని” అంది ఎనేసి అవ్వ. “ఆ ముప్ఫై అతని చేతిలో పెట్టి ఉంటే, ఒక్కటన్నా బతికేదా?”