ఏటా ఒక చొక్కా

“రక్తం ఇచ్చినాయన ఇంకా ఉన్నాడా?” ఫారం మీద నుంచి తలెత్తకుండానే అడిగింది నర్సు.

“నిక్షేపంలా ఉన్నాడు. మొన్ననే కొలతలు తీసుకున్నాను,” అంది టైలరమ్మ. “పొట్ట దగ్గర రెండంగుళాలు పెరిగాడు కూడా.”

దేశంలో హెపటైటిస్ సి అన్నదే లేకుండా చేయాలని ప్రభుత్వం నడుం కట్టింది. నర్సులు వీధివీధికీ బల్లా కుర్చీలూ వేసుకుని, కనబడిన ప్రతివాళ్ళ వేలికీ సూది గుచ్చుతున్నారు. కుట్టుమిషను దగ్గర రోజూ గుచ్చుకునే వేలే కదా, ఇంకోసారికి పోయిందేముందని టైలరమ్మ చాచింది. జబ్బుందని తేలింది. పెద్దాసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేసి అదే మాట ఖాయం చేశారు. మొగుడికీ కొడుక్కీ లేదు. అత్తగారు మాత్రం, “ఈ ఇంట్లో చూడాల్సినవన్నీ చూశాను, ఇక నా రక్తం ఒక్కటే తక్కువైందా?” అని బల్ల దగ్గరికి రానేలేదు.

“మీరేం భయపడకండి. మూడు నెలలు రోజూ మాత్ర వేసుకుంటే పోతుంది. మాత్రలు ఉచితం,” అంది నర్సు. “కానీ ముప్పై ఏళ్ళ కిందట మీ కాన్పులో రక్తం ఎక్కించారంటున్నారు. అప్పట్లో దాతలకు ఈ పరీక్ష లేదు. మీకు ఆయన నుంచే వచ్చి ఉంటే, ఇన్నేళ్ళూ ఆయన ఒంట్లోనూ ఉన్నట్టే. పైకి ఏమీ తెలియదు, లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. తొందరగా తీసుకురండి.”

టైలరమ్మ గుండె జారింది. తనకు జబ్బుందన్నప్పుడు కూడా అంత జారలేదు.

ఆనాడు కొనఊపిరితో ఉన్న ఆమెను రొట్టెల వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చింది ఆ డ్రైవరే. రక్తం ఇచ్చిందీ ఆయనేనని, ఆమె కళ్ళు తెరవగానే అత్తగారు చెప్పింది. అప్పటి నుంచీ ఏటా కొడుకు పుట్టినరోజుకు ఆయనకో చొక్కా కుట్టి ఇస్తోంది. మొగుడి చొక్కాకు గుండీ ఊడితే వారం రోజులు తిప్పించుకునే మనిషి, డ్రైవరన్నయ్య చొక్కాకు మాత్రం కాజాలన్నీ చేత్తోనే కుడుతుంది.

“ఇప్పుడా మనిషిని ఎందుకు రొంపిలోకి లాగడం?” ఇంటికి రాగానే అత్తగారు అడ్డు తగిలింది. “రక్తం ఇచ్చిన పాపానికి, నీ వల్లే జబ్బొచ్చిందని మొహం మీదే అంటావా?”

“అయ్యో అత్తయ్యా! ఆయన ఇవ్వకపోతే నేనూ లేను, మీ మనవడూ లేడు. నేను మాత్రలు మింగుతూ కూర్చుని ఆయన్ని గాలికి వదిలేస్తే నాకు ముద్ద దిగుతుందా?”

“నిజం చెప్పు. కాస్తయినా కోపం లేదూ?”

“చలిలో కప్పుకున్న దుప్పటికి చిరుగుందని తిడతామా? కూర్చుని కుడతాం గానీ.”

అత్తగారు మారు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళ పైబడిన కాపురంలో ఇలా జరగడం అదే మొదలు కాబట్టి, టైలరమ్మ అది తన గెలుపే అనుకుంది.

“సరే పద, నేనూ వస్తాను,” అంది చివరికి ఆవిడ. “నువ్వొక్కదానివే వెళితే ఏడ్చి ఆయన్నీ ఏడిపిస్తావు.”

డ్రైవరు ఒక పట్టాన కదల్లేదు.

“నాకేం జబ్బమ్మా? గుండ్రాయిలా ఉంటేనూ!”

“గుండ్రాయికి కాలేయం ఉండదన్నయ్యా. నీకుంది. పద.”

బల్ల దగ్గర కూర్చోబెట్టేసరికి ఆయన మొహం తెల్లకాగితమైంది. సూది కనబడగానే కళ్ళు మూసుకున్నాడు.

“ఇంత వ్యాను తోలిన మగాడివి, చీమ కుట్టినంత దానికి ఆ మొహమేమిటయ్యా?” పక్క కుర్చీలోంచి గదమాయించింది అత్తగారు.

పావుగంటకు నర్సు పరీక్ష పట్టీ వెలుతురులో పెట్టి చూసింది. “ఒకటే గీత. ఈయనకు లేదు.”

“అమ్మయ్య!” టైలరమ్మ రెండు చేతులూ జోడించింది. కళ్ళు తుడుచుకుంది.

“అప్పుడే అమ్మయ్య అనకండి,” నర్సు నొసలు ముడిచింది. “ఇది ఒంట్లోకి వచ్చి పోయినా, మామూలుగా రెండో గీత పడుతుంది. ఈయనకు అసలు వచ్చినట్టే లేదు. పెద్దాయనా, ఆ రోజు రక్తం ఇచ్చింది నిజంగా మీరేనా?”

డ్రైవరు చొక్కా గుండీ తడుముకున్నాడు.

“నేను వ్యాను తోలానంతే,” అన్నాడు. “నా రక్తం నీకు కలవదన్నారమ్మా. కలిసినా ఇచ్చి ఉండేవాణ్ణి కాదేమో, నాకు సూదంటేనే కళ్ళు తిరుగుతాయి.”

“మరి ఇన్ని చొక్కాలు ఎలా తొడుక్కున్నావన్నయ్యా?”

“మొదటి దానికే నిజం చెప్పబోయాను. రక్తం ఇచ్చినవాళ్ళు చెప్పనివ్వలేదు. తెలిస్తే నువ్వు జన్మంతా మొహమాటంతో తలొంచుకుని బతుకుతావని వాళ్ళ భయం. నా చేత ఒట్టు వేయించుకున్నారు.”

“నీ ఒట్టు తీసి గట్టున పెట్టు! ఆ మనిషికి ఒంట్లో ఏమవుతోందో ఏమో. నా ప్రాణం నిలబెట్టినవాళ్ళకు ఆ మాత్రలు అందాలా వద్దా? ఎవరో చెప్పు!”

డ్రైవరు నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు.

నర్సు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. “పేరు చెప్పకపోతే నేను మాత్రం ఎక్కడని వెతకను?”

పక్క కుర్చీ కిర్రుమంటూ బల్ల దగ్గరికి జరిగింది.

“గుచ్చమ్మా,” అంటూ అత్తగారు వేలు చాచింది.