చివరి వరస

"సాయంత్రం ఐదింటికల్లా ప్లాను పంపు. ఈసారి కూడా తప్పుల తడక అయిందో, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అని మేనేజరు ఫోను పెట్టేశాడు.

ఇంటినుంచే పనిచేస్తున్న నెట్‌వర్క్ ఇంజినీరు గడియారం చూశాడు. రెండు.

ఆఫీసులో రెండు వందల ఫోన్లు, అంతకు రెట్టింపు కంప్యూటర్లు. అన్నీ వచ్చిపడేది నెట్‌ని అందరికీ పంచే ఒకే పెట్టె, అంటే స్విచ్ మీద. ఎవరో పెద్ద ఫైలు పంపితే చాలు, ఫోన్లో మాట్లాడేవాళ్ల మాటలు సగం గాల్లో కలిసిపోతున్నాయి. ఏది ముందు పోవాలో, ఏది ఆగాలో స్విచ్‌కి నేర్పాలి.

నాలుగు వరసలు గీశాడు. అలవాటు ప్రకారం ఇంజినీర్ల చర్చా గ్రూపులో పెట్టాడు. అక్కడ 'పాత తీగ' అనే పేరుతో ఒక గురువుగారున్నారు. ఎవరో, ఎక్కడుంటారో తెలీదు. రెండేళ్లుగా ఇతని ఉద్యోగం నిలబడిందంటే ఆ సలహాల చలవే.

జవాబు నిమిషంలో వచ్చింది. "మాట ముందు, బొమ్మ తర్వాత. బాగుంది. కానీ ఇందులో ఒక పెద్ద తప్పుంది. వివరంగా రాస్తాను, ఆగు."

ఆగేలోపు అదే ప్లాను ఇంట్లో ఉన్న చిన్న స్విచ్ మీద పరీక్షిద్దామనుకున్నాడు. ఇల్లంతా దరఖాస్తులతో దిగిపోయింది.

"ఏమండీ, నా సంగీతం క్లాసు సంగతేంటి? నిన్న నేను 'సా' అంటే పిల్లలకి 'రి' దగ్గర వినపడింది," అంది భార్య.

"బావా, మ్యాచ్!" అన్నాడు సోఫాలోంచి బావమరిది. చుట్టపుచూపుగా వచ్చి అప్పటికి మూడు వారాలు.

మొదటి వరస తన ఆఫీసు ఫోనుకి. రెండోది భార్య క్లాసుకి. మూడోది నెట్ మీదే నడిచే టీవీకి. అమ్మ ట్యాబ్ చివరి వరసలో పడింది.

"ఒరేయ్ చిన్నా, నేనొకటి చెప్పనా?" అంది అమ్మ.

"అమ్మా, ఇవి నువ్వు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కలిపిన ట్రంకు కాల్స్ కావు. తర్వాత చెబుదువుగాని."

మూడయింది. గురువుగారి దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడున్నర. నాలుగు. ఇంజినీరు గోళ్లు అయిపోయి పెన్సిలు కొరుకుతున్నాడు.

"ఆయనకీ నెట్ రావట్లేదేమో పాపం," అంది భార్య. "వాళ్లింట్లో కూడా ఒక ఇంజినీరు ఉండుంటాడు."

అమ్మ ట్యాబ్ పట్టుకొచ్చింది. "గంటన్నర నుంచీ గిరగిరా తిరుగుతోందిరా ఇది."

"పైవాళ్ల పని అయ్యాకేనమ్మా నీ వంతు."

"పైవాళ్ల పని ఎప్పటికవుతుంది?"

ఇంజినీరు సోఫా వైపు చూశాడు. "చెప్పలేం. ఇక్కడ నా ఉద్యోగం పోయేలా ఉంటే నీ ట్యాబ్ గొడవేంటమ్మా!"

అమ్మ కళ్లజోడు సవరించుకుని వెళ్లిపోయింది.

నాలుగూ నలభైకి మ్యాచ్ ముగిసింది. బావమరిది టీవీ కట్టేసి, ఒళ్లు విరుచుకుని, టీ ఎవరు పెడతారో కనుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లాడు.

టింగుమంది. పాత తీగ!

"పై వరసలన్నిటికీ ఒక హద్దు పెట్టు. మూడు నిమిషాలవగానే లైను ఇంకొకరికి ఇచ్చేవాళ్లం, అలాగన్నమాట. లేకపోతే పైవాళ్లు ఆపరు, కిందివాళ్ల వంతు రాదు. అర్జంటని ఎవరు చెప్పినా నమ్మకు, అందరూ అదే అంటారు."

ఇంజినీరు నెత్తి కొట్టుకున్నాడు. గబగబా దిద్ది, ఐదుకి రెండు నిమిషాలుందనగా పంపాడు. ఐదుంబావుకి మేనేజరు ఫోను చేసి, జీవితంలో మొదటిసారి "భేష్" అన్నాడు.

ఆనందం పట్టలేక ఇంజినీరు గ్రూపులో రాశాడు: "గురువుగారూ, మీ కాళ్లకు దండం. కానీ ఇవాళ అంత ఆలస్యమెందుకైందండీ?"

జవాబు వెంటనే వచ్చింది: "చివరి వరసలో పెట్టావు కదరా చిన్నా."