ముప్పై రెండో నెంబరు

"బండి తియ్యమ్మాయ్," అన్నాడు అమ్మిరాజు.

"తియ్యనండి," అంది రెబెక్కా.

పన్నెండేళ్ళుగా ఆ ఆటో స్టాండుకి అమ్మిరాజే ప్రెసిడెంటు. తియ్యనన్న మాట ఆయన చెవిన పడడం ఇదే మొదలు. అదీ కోరుకొండ తీర్థం రోజున, తెల్లారి ఆరింటికి, వెనకాల పదిహేడు పెట్రోలు ఆటోలు వరసలో ఉండగా.

రాజమండ్రిలో గోదావరి గట్టు దిగగానే ఉంటుంది ఆ స్టాండు. ఒకపక్క గట్టు గోడ, ఇంకోపక్క మురుక్కాలవ, మధ్యన ఒక్క బండి పట్టేంత సందు, వెనక్కి పోదామంటే గట్టు ఎత్తు. ముందు బండి కదిలితేనే వెనక బండికి దారి. ఆ ముందు బండి ఇవాళ రెబెక్కాది. ఆకుపచ్చ కరెంటు ఆటో. ఎవరూ రాకముందే గట్టు మీంచి పిల్లిలా చప్పుడు లేకుండా దిగొచ్చి మొదటి చోట్లో నిలబడిందని టీ కొట్టాయన చెప్పాడు.

కరెంటు బండిని స్టాండులోకి రానివ్వకూడదని కిందటి వారమే అందరూ తీర్మానం చేసుకున్నారు. ఒకటొస్తే పదొస్తాయి, పదొస్తే మన బళ్ళు పాత ఇనప సామాన్ల కొట్టుకి పోతాయని అమ్మిరాజే చెప్పాడు. స్టాండులో చోటు లేకపోతే రెబెక్కాకి బేరాల్లేవు. వారం నించీ ఏ సెంటర్లో ఆపినా ఎవరో ఒకరొచ్చి తరిమేస్తూనే ఉన్నారు.

"సెల్‌ఫోనుకి చక్రాలు పెట్టుకొచ్చింది," అన్నాడు రెండో బండి సత్తియ్య. వెనకాలవాళ్ళు నవ్వారు.

"మీ బండి వస్తుంటే వీధిలో జనం మాటలాపి చెవులు మూసుకుంటారండి. నా బండికి ఆ బాధ లేదు," అంది రెబెక్కా.

ఈసారి ప్రయాణికులు నవ్వారు.

సత్తియ్యకి ఒళ్ళు మండింది. నలుగురం కలిసి ఎత్తి కాలవ్వతల పడేద్దాం రమ్మన్నాడు. ఇద్దరు ముందుకొచ్చారు కూడా. రెబెక్కా సీటు దిగలేదు. హ్యాండిలు మీద కప్పిన తువ్వాలు సర్దుకుని, గోడ మీది నల్లబోర్డు వైపు వేలు చూపించింది.

"అది ఓసారి చదవండి ప్రెసిడెంటు గారూ."

చదవక్కర్లేదు. నిరుడు ఇద్దరు డ్రైవర్లు కొట్టుకుని తలలు పగలగొట్టుకున్నాక అమ్మిరాజే దగ్గరుండి రాయించాడు. వరసలో నిలిచిన బండి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరాదు. దాని కింద ముప్పై ఒక్కమంది డ్రైవర్ల పేర్లు, నెంబర్లు.

"ఆ రూలు మనవాళ్ళకి," అన్నాడు సత్తియ్య.

"అలాగని అక్కడ రాయలేదండి. వరసలో నిలిచిన బండి అన్నారు. నిలిచే ఉంది కదా," అంది రెబెక్కా.

అమ్మిరాజు చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు. తన రూలు తనే తప్పితే రేపు ఈ స్టాండులో తన మాట ఎవరు వింటారు?

ఏడయింది. తీర్థానికెళ్ళే జనం గట్టు పొడుగునా పోగయ్యారు. కరెంటు బండి ఎక్కొద్దని డ్రైవర్లు అందరికీ చెప్పి పెట్టారు. దాంతో ముందు బండి ఎవరూ ఎక్కరు, వెనక బండి కదలదు. కొందరు విసుక్కుంటూ బస్సుల కోసం నడిచిపోయారు. పోయే బేరాలని చూస్తూ వెనకాల డ్రైవర్లు హారన్లు కొట్టారు. ఆ కోపం మెల్లగా రెబెక్కా మీంచి ప్రెసిడెంటు మీదికి మళ్ళింది.

అంతలో కొబ్బరికాయల బుట్ట చంకన పెట్టుకుని పెద్దింట్లమ్మ అనే ముసలామె వచ్చింది. తిన్నగా వెళ్ళి రెబెక్కా ఆటోలో కూర్చుంది.

"మామ్మా, అది ఎక్కకూడదు," అన్నాడు సత్తియ్య.

"నీ బండెక్కితే నా నడుం నాకు మిగలదురా. నేనిందులోనే పోతాను."

అమ్మిరాజుకి ప్రాణం లేచొచ్చింది. తను ఓడిపోకుండానే దారి దొరికింది. "సరే, పెద్దావిడ అడుగుతోంది. ఈ ఒక్కసారికీ వదిలేస్తున్నాం. ఎక్కించుకుని పో," అన్నాడు పెద్దమనసు చూపిస్తూ.

రెబెక్కా కదల్లేదు.

"ఇవాళ్టికి పొమ్మంటే పోనండి. రేపొస్తే మళ్ళీ ఇదే గొడవ. ఆ బోర్డు మీద నా పేరు రాయండి. అప్పటిదాకా ఈ బండి అంగుళం కదలదు."

"బేరం వచ్చినా కదలవా?"

"కదలదండి."

ఆ మాట ఎంత నిబ్బరంగా అందంటే, హారన్లు కొట్టేవాళ్ళు కూడా చేతులు తీసేశారు. పోలీసుల్ని పిలుద్దామని ఒకడన్నాడు. పిలిస్తే ముందు మన పర్మిట్లే అడుగుతారని ఇంకొకడన్నాడు. చివరికి సత్తియ్యే నీరుగారిపోయాడు. "రాసి పారెయ్యండి ప్రెసిడెంటు గారూ. ఏడాదికొక్క తీర్థం, మధ్యాహ్నం దాటితే ఇంకెవరెక్కుతారు?"

అమ్మిరాజు టీ కొట్లో సుద్దముక్క అడిగి తెచ్చుకున్నాడు. ముప్పై ఒకటో పేరు కింద కాసేపు చెయ్యి ఆగింది. తరవాత రాశాడు. 32. రెబెక్కా. సుద్ద చెయ్యి పంచెకి తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"రాశాను. నువ్వూ ఈ స్టాండు మనిషివే. ఇక నీ మీద చెయ్యేసేవాడు లేడు. కదులు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

రెబెక్కా తన పేరు రెండుసార్లు చదువుకుంది. తెల్లారినప్పటి నించీ మొదటిసారి సీటు దిగింది. హ్యాండిలు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుంది. అక్కడ మీటరు నల్లగా, చిన్న దీపమైనా లేకుండా ఉంది.

"ఆ రూలు ఒక్క నిమిషం పక్కన పెట్టి, నలుగుర్నీ తలో చెయ్యీ వెయ్యమనండి ప్రెసిడెంటు గారూ, టీ కొట్టు ప్లగ్గు దాకా తొయ్యాలి. రాత్రంతా మా పేటలో కరెంటు లేదు. గట్టు మీదే ఛార్జింగ్ అయిపోయిందండి."