ఇరవయ్యో గీత

"ఇంకా ఐదే ఉండాయి పెద్దాయనా. బాగా ఆలోచన చేసుకోండి," అన్నాడు మునిశేఖర్.

తిరుపతి బస్టాండు పక్క సందులో ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. బల్ల మీద వరదయ్య కొడుకు మోహన్‌కృష్ణ టాబ్లెట్ ఉంది. అద్దం మీద తొమ్మిది చుక్కలు. వాటిని కలుపుతూ సరైన గీత గీస్తేనే అది తెరుచుకుంటుంది. వరదయ్యా, ఆయన కోడలు కృపారాణీ ఇంటి దగ్గరే పదిహేను గీతలు గీసి చూశారు. అన్నీ తప్పులే.

"ఇరవై తప్పులైతే ఇది మెయిల్ అడుగుతాది. దీంట్లో ఉండేది హనీకోంబ్ అనే పాత ఆండ్రాయిడ్. టాబ్లెట్ల కోసమనే చేసిన వర్షన్. ఫోన్లలోకి రానేలేదు. ఏడాది తిరక్కుండానే దాన్ని దాటిపోయినారు. ఇప్పటి మెయిల్ దీన్ని గుర్తుపట్టదు. ఇంక మొత్తం తుడిచెయ్యడమే."

"తుడిస్తే?" అంది కృపారాణి.

"తెరుచుకుంటాది అక్కా. లోపల ఏమీ మిగలదు."

మోహన్‌కృష్ణ ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు. చదువుకునే రోజుల్లో కొన్న ఈ టాబ్లెట్‌ను ఎంత పాతబడ్డా వదల్లేదు. కృపారాణిని రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్న మూడో నెలలో, ఆ సంగతి చెప్పడానికి పాకాలకు, నాయన దగ్గరికి వెళ్ళాడు. "ఆయన ఏమంటాడో దీంట్లో రికార్డు చేసుకొస్తా. నువ్వే ఇనుకుందువులే," అని భార్యతో చెప్పి మరీ బయల్దేరాడు. తిరిగొచ్చే దారిలో బండిని లారీ గుద్దింది. పోలీసులు అతని సంచీ తెచ్చిచ్చారు. సంచీలో ఇది.

శవాన్ని పాకాల తెచ్చిన రోజు, వాకిట్లోనే నిలబడిపోయిన కృపారాణిని వరదయ్యే లోపలికి పిలిచాడు. "వాడు అడిగినాడు. నేను సరే అన్నాను. కోడల్ని తీసుకొని రారా అన్నాను," అన్నాడు.

ఆరు నెలలుగా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. మామకు చక్కెర లేని కాఫీ, వేళకు మాత్రలు. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆయన పూజకు తులసి తెస్తుంది. ఆ తులసి స్వామికి పెట్టొచ్చా అని వరదయ్య మొదట్లో సందేహించాడు. ఇప్పుడు, స్వామికి లేని సందేహం నాకెందుకు అనుకుంటున్నాడు.

"ఆయప్ప గొంతు ఒక్కసారి ఇనాల మామా. నువ్వు సరే అన్న మాట ఇనాల. అంతే."

"నామం గీసి సూడమ్మా," అన్నాడు వరదయ్య.

గీసింది. తప్పు.

"శంఖం?"

తప్పు.

"వాడి పేరులో మొదటి అక్షరం?"

అదీ తప్పే.

"మీ అత్త ఉండేటప్పుడు వాకిట్లో చిన్న ముగ్గు ఒకటి వేసేది..."

ఆయన చెప్పినట్టే వేలు తిప్పింది. తెరుచుకోలేదు.

"ఇంక కొండ మీద గోపురమొకటే మిగిలిండాది పెద్దాయనా," అన్నాడు మునిశేఖర్. ఇద్దరి మొహాలూ చూసి నవ్వు ఆపుకున్నాడు.

ఒక్క గీత మిగిలింది.

"ఇది నువ్వు గీయి మామా. కన్నోడివి."

"నా వల్ల కాదు పాపా."

"నువ్వే గీయాల."

వరదయ్య నుదుటి నామం చెమటకు కరుగుతోంది. గోవిందా, ఏం చెయ్యమంటావు అనుకున్నాడు. పై వరుసలో నడిమి చుక్క మీద వేలు పెట్టాడు. నిలువుగా కిందికి దించాడు. అడుగు చుక్క దగ్గర వేలు నిలిచిపోయింది. కృపారాణి ఊపిరి బిగబట్టింది. ఆ వేలు కుడి మూలకు జరిగి, పైకి లేచింది.

టాబ్లెట్ మెయిల్ అడిగింది.

"అంతే పెద్దాయనా," అంటూ మునిశేఖర్ దాన్ని మెల్లగా వాళ్ళ వైపు జరిపాడు.

వరదయ్య బల్ల మీద తల ఆనించి వెక్కిళ్ళు పెట్టాడు. కృపారాణి తన కళ్ళు తుడుచుకుని, ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"ఊరుకో మామా. నీ తప్పేముండాది? సరే అన్నానని నీ నోటితోనే చెప్పినావు గదా. నాకు అది చాలు."

పైనుంచి కిందికి ఒకటి, ఎడమనుంచి కుడికి ఒకటి, పెళ్ళి సంగతి చెప్పడానికి వచ్చిన రోజు తన కళ్ళముందే కొడుకు వేలు ఈ చుక్కల మీద గీసిన శిలువను చూసే, వరదయ్య వాణ్ణి ఈ గడప మళ్ళీ తొక్కొద్దని వెళ్ళగొట్టాడు.